బ్రేకు మాస్టారి కొత్త చొక్కా

"ఊపిరి బిగపట్టకండి. పొట్ట లోపలికి లాక్కున్నారంటే కోటు కూడా ఆ అబద్ధానికే కుడతాను. భోజనం చేశాక గుండీ పడకపోతే తిట్లు నాకు. ఆ... అలా వదిలెయ్యండి. అందరూ ఇంతేనండీ, టేపు చూడగానే సన్నబడిపోదామనుకుంటారు. పొట్ట ముందుకి తోసి నిలబడే మగాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. నా ఖర్మకొద్దీ ఆయన నా మొగుడే."

నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని కూడా టైలరమ్మ ఇంత మాట్లాడగలదు. ఆమె టేపు కింద నిలబడ్డవాళ్ళు కదలడానికి వీల్లేదు కనక వినక తప్పదు. ఈ కథ నేను విన్నది కూడా అలాగే, రెండు చేతులూ పక్కలకి చాచి.

ఇంటి ముందుగదే ఆమె దుకాణం. వీధి వైపు కిటికీ, కిటికీ కింద మిషను, నడుమ గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, మూలన ఇస్త్రీ బల్ల. నేల ఎంత ఊడ్చినా దారప్పోగులు కాళ్ళకి చుట్టుకుంటూనే ఉంటాయి. దగ్గుతూ వచ్చినవాళ్ళని ఆమె గుమ్మం దాటనివ్వదు. వరండాలోనే నిలబెట్టి, మొహం పక్కకి తిప్పుకుని కొలతలు తీసుకుంటుంది. ముక్కు చీదుతున్న పిల్లల్ని చూస్తే తలుపే తియ్యదు. టైలరమ్మకి ఈమధ్య పొగరెక్కిందని వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకోనీ అంటుంది. అసలు సంగతి చెప్పి జాలి మాటలు వినడం కంటే పొగరుబోతు అనిపించుకోవడం నయం ఆమెకి.

అసలు సంగతి ఆమె మొగుడి రక్తంలో ఉంది.

ఆయన కారు నడపడం నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాడు, ఆయన కాలి కింద కూడా ఓ బ్రేకు ఉంటుంది. రోజంతా "బ్రేకు, బ్రేకు" అని అరుస్తుంటాడు కనక ఊరందరికీ బ్రేకు మాస్టారే. రెండేళ్ళ కిందట వదలని జ్వరానికి రక్తం పరీక్ష చేయిస్తే, నెమ్మదిగా నడిచే రకం రక్త క్యాన్సరని బయటపడింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా చెప్పింది. ఇప్పుడే మందు అక్కర్లేదు, కొందరికి ఏళ్ళ తరబడి అక్కర్లేకపోవచ్చు, అప్పుడప్పుడు పరీక్ష చేస్తూ, చూస్తూ ఉందాం. బరువు తగ్గినా, మెడ పక్కన గడ్డలు పెరిగినా, నిద్రలో ఒళ్ళు చెమటతో తడిసిపోయినా వెంటనే రండి. ఎవరి దగ్గూ జలుబూ ఆయనకి అంటకుండా చూసుకోండి.

"చూస్తూ ఉందాం అందండీ ఆవిడ. ఆవిడ చూసేది ఎప్పుడో ఓసారి. మరి రోజూ చూడాల్సింది ఎవరు?"

అలా మొదలైంది టైలరమ్మ కొత్త ఉద్యోగం. పొద్దున్నే ఆయన స్నానానికి వెళ్ళగానే దిండు గలీబు మీద అరచెయ్యి వేసి చూస్తుంది, తడి ఉందేమోనని. పొడిగా ఉంటే ఆ రోజుకి ఓ గండం గడిచినట్టు. ఇక ఒంటి సంగతి. బరువు చూసే యంత్రం కొని తెస్తే మూడోనాడే ఆయన దాన్ని మంచం కిందికి తోసేశాడు. "ఇంట్లో ఉన్నానా, బస్తాల గోదాములో ఉన్నానా?" అని ఒకటే గొడవ. అప్పుడు తట్టింది ఆమెకి, తన మెడలో వేలాడుతున్న టేపు ఉండగా యంత్రమెందుకని.

చొక్కా కుడతానంది. నెల తిరక్కుండా ఇంకోటి కుడతానంది. ప్రతి చొక్కాకీ మెడ, ఛాతీ, నడుము కొత్తగా కొలిచేది. కాగితం మీద రాసేది కాదు. ఆయన కొలతలు ఆమెకి కళ్ళు మూసుకున్నా నోటికొస్తాయి. ఆయన బీరువాలో చొక్కాలు పట్టక కుర్చీల మీదికొచ్చాయి. డ్రైవింగ్ స్కూల్లో తోటివాళ్ళు "ఏం పెళ్ళికొడకా" అని పిలవడం మొదలుపెట్టారు.

"అంత చుట్టూ తిరిగి కొలుస్తుంటే ఒక్కరోజైనా ఎందుకే అని అడగలేదండీ. అడక్కపోతే తెలియదనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!"

కిందటి నెలలో ఓ నీలం గుడ్డ తెచ్చింది. ఎప్పట్లాగే ఆయన్ని నిలబెట్టి టేపు చుట్టింది. నడుము తగ్గింది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ తగ్గింది. ఛాతీ కూడా. "ఏమోయ్, మనిషిని కట్టేస్తున్నావా ఏంటి?" అన్నాడాయన. నవ్వాననే అనుకుంది. ఆయన వెళ్ళాక గుడ్డ బల్ల మీద పరిచి సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చొక్కాకి అంత తక్కువ గుడ్డ చాలని తెలిసి దాని మీద కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఆ వారం ఆమె తిన్నది ఒంటికి పట్టలేదు, ఆయనకి పెట్టింది ఆయన తినలేకపోయాడు. కంచంలో ఇంకో గరిటె వేస్తే "చాలు మొర్రో" అనేవాడు. చాలు అన్నాడంటే ఆకలి చచ్చిందేమోనని ఆమె భయం. కడుపు నిండినవాడు కూడా ఆ మాటే అంటాడని తట్టదు. ఆఖరికి ఆయనతో చెప్పకుండా డాక్టరమ్మకి ఫోన్ చేసి, పరీక్ష ముందుకి జరిపించింది.

ఈలోగా బేకరీ ఆమె వచ్చి, కొత్తగా కుట్టించుకున్న కోటు బల్ల మీద విసిరికొట్టింది.

"ఇదేంటి వదినా? చెయ్యెత్తితే చంకలో పటుక్కుమంది!"

"నీ రొట్టెలు నువ్వే తింటుంటే కోటేం చేస్తుంది?"

"నోరు మంచిదయితే సరి! పాత కోటు చక్కగా పడుతోంది మరి. రొట్టెలు కొత్త కోటుకేనా తెలిసేది?"

మర్నాడు పోస్టుమాన్ వచ్చాడు. వంగబోతే కొత్త ప్యాంటు వంగనివ్వడం లేదన్నాడు. ఆ ప్యాంటు చేత్తో పట్టుకుని చూస్తూ ఉండగా ఆమెకి ఓ అనుమానం తట్టింది. మనిషిని కొలిచేది టేపుతో. గుడ్డ మీద గీత గీసేది బల్లకున్న ఇనప స్కేలుతో. మెడలో టేపు తీసి స్కేలు పక్కన పరిచింది. టేపు మీద అంగుళం స్కేలు మీద అంగుళాన్ని దాటి ముందుకి వెళ్ళిపోయింది. సాగిపోయిన టేపుతో కొలిస్తే ఎవరైనా చిక్కినట్టే కనపడతారు. ఊరంతా చిక్కింది, ఆమె మొగుడితో సహా.

సాగదీసిందెవరో కనుక్కోవడానికి గోడకేసి చూస్తే సరిపోయింది. పాఠాలు లేనప్పుడు ఇంట్లో ఊరికే కూర్చోలేక మాస్టారు ఆమె దుకాణం సర్దుతుంటాడు. గోడకి మేకు కొట్టి, టేపు ఒక కొస మేకుకి తగిలించి, రెండో కొసకి బరువైన పెద్ద కత్తెర కట్టి, ఆమె మెడలోంచి టేపు తీసి పెట్టినప్పుడల్లా వేలాడదీసేవాడు, రెండూ ఒక్కచోట దొరుకుతాయని. మేకు కొట్టింది ఇస్త్రీ బల్ల పైన. కింద ఇస్త్రీ పెట్టె వేడి, కత్తెర బరువు, ప్లాస్టిక్ టేపు. సాగక ఏం చేస్తుంది?

"అప్పుడు నవ్వానండీ, మిషను మీద తల పెట్టుకుని. పోస్టుమాన్ భయపడిపోయాడు పాపం, ప్యాంటు వదులు చెయ్యకపోయినా ఫర్వాలేదమ్మా అని వెళ్ళిపోయాడు."

సాయంత్రం ఆయన రాగానే అంతా చెప్పేసింది. చొక్కాల వంకన కొలవడం, దిండు తడమడం, డాక్టరమ్మకి ఫోన్ చెయ్యడం, అన్నీ. టేపు తప్పేనని, ఆయన చిక్కలేదని చెప్పింది. ఆయన కూడా నవ్వుతాడనుకుంది. ఆయన చెప్పులు విప్పి మూలన జోడీగా పెట్టాడు.

"కొలుస్తున్నావని మొదటి చొక్కాకే తెలుసు."

"తెలిసి...?"

"నువ్వు టేపు తీసినప్పుడల్లా పొట్ట ముందుకి తోసేవాణ్ణి. మెడ కాస్త సాగదీసేవాణ్ణి, గడ్డలున్నా తెలియకుండా సన్నగా ఉంటుందని."

టైలరమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. టేపు అబద్ధమాడింది, సరే. మనిషి కూడా అబద్ధమాడితే ఇక ఇన్నాళ్ళ కొలతల్లో నిజమేది? చిక్కాడో లేదో ఏ టేపుని అడగాలి?

"ఎందుకండీ అలా చేశారు?"

"నీ మొహం చూడలేక. నేర్చుకునేవాళ్ళు గోడ మీదికి పోతుంటే నా కాలి కింద బ్రేకుంటుంది. నువ్వు ఆ టేపు పట్టుకుని నా చుట్టూ తిరుగుతుంటే కాలు పెట్టడానికి ఏమీ దొరకదే."

ఆ తర్వాత ఆయన ఒక్కటే మాట అడిగాడు. పరీక్ష ఫలితం వచ్చేదాకా టేపు తన మీద పెట్టొద్దని. ఆమె చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. నిన్న రక్తం ఇచ్చి వచ్చారు. ఫలితం రేపు.

"ఒట్టు వేశాను కదా, కొలవలేదు. ఆ నీలం గుడ్డ మాత్రం కుట్టేశాను. ఏ కొలతకో తెలుసా? జబ్బని తెలియకముందు ఆయన ఎలా ఉండేవాడో, ఆ కొలతకి. అది నాకు నోటికొచ్చుగా. ఇవాళ పొద్దున్న ఇచ్చాను. అది సరిగ్గా పడితే మనిషి అప్పటిలాగే ఉన్నట్టు. ట్రయల్ చూపించండి అన్నానా, ఇదిగో అంటూ గదిలోకి వెళ్ళి, పైన కోటు తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టుకుని బయటికొచ్చాడు. బాగుందోయ్ అనేసి పోయాడు. గోనెసంచి కుట్టిచ్చినా బాగుందోయ్ అనే మనిషి ఆయన! కోటుకి గుండీ పెట్టేంత చలి ఎక్కడుందండీ ఇవాళ?"

ఇక సాగదని కొనుక్కున్న కొత్త స్టీలు టేపుని ఆమె సర్రున వెనక్కి లాగింది. సుద్దముక్క బల్ల మీద పెట్టింది. కిటికీలోంచి వీధి చివరికి చూసింది, అక్కడ డ్రైవింగ్ స్కూల్ బోర్డు ఓ మూల మాత్రమే కనపడుతుంది.

"చేతులు దించండి, అయిపోయింది. మీరు వెళ్ళేది ఆ స్కూలు మీంచేగా? కార్లో కూర్చున్నాక ఆ కోటు విప్పక తప్పదు, ఉడికిపోతాడు. నీలం చొక్కా. మెడ దగ్గర కాలరు బిగిసి ఉందేమో చూడండి. నడుము దగ్గర గుడ్డ వేలాడుతోందేమో చూడండి. చూసినట్టు కనపడకండి, మహా గడుసువాడు. కారు నేర్చుకోవడానికి ఎంత తీసుకుంటారని అడగండి, కిందికి దిగి నిలబడి చెబుతాడు. వెంటనే నాకు ఫోన్ చెయ్యండి. బాగుందని మాత్రం చెప్పకండి బాబూ. ఎలా ఉందో అది చెప్పండి."