రాజుగారి వంటవాడి మీద కేసు

రిటైరయ్యే ముందటి ఏడాది, వానాకాలంలో, నన్ను అండమాన్ ఉత్తర కొసనున్న డిగ్లీపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ చేసి ఒక ఠాణాకు స్టేషన్ హౌస్ ఆఫీసర్ని, అంటే ఆ ఠాణాకు పెద్దని, చేశారు. చేరిన వారానికే హత్య కేసొకటి వచ్చి పడింది. హతుడు ఒక రాజు. పోయి నూరేళ్ళు దాటింది.

తెచ్చింది డైరీ ఫార్మ్ అనే పేటలో భోజనాల మెస్ నడిపే పైడితల్లి. ఆమె చేతిలో ఒక డిటెక్టివ్ నవల ఉంది. అందులోది నిజంగా జరిగిన సంగతే: ఇంగ్లీషువాళ్ళు ద్వీపాంతరం పంపిన ఒక చిన్న సంస్థానం రాజు ఇక్కడ రాత్రి భోంచేసి, తెల్లారేసరికి పోయాడు. దొరలు జ్వరమన్నారు, బంధువులు విషమన్నారు. నవలలోని డిటెక్టివ్ అదంతా తిరగదోడి, విషం పెట్టింది వంటవాడు పెంటయ్యేనని తేల్చాడు. ఆ పెంటయ్య పైడితల్లికి ముత్తాత. రచయిత ఇంటిపేరుతో సహా వాడేశాడు.

"గిరాకీ సగం పోయింది సాబ్. వచ్చినోళ్ళు కూడా 'దీదీ, రాజుగారి కూర ఉందా?' అని నవ్వుతన్నారు. మా ముత్తాత చెయ్యలేదని కాయితం రాసియ్యండి, గోడకి తగిలిస్తాను," అంది.

ఏం రాసిచ్చేది, నా తలకాయ! ముద్దాయి చనిపోతే కేసే నడవదు. పరువునష్టమైతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి, పోలీసులు నేరుగా చేపట్టరు. ఆ మాటే చెప్పాను. "అంటే చేశాడనేనా సాబ్?" అని ఏడ్చింది.

నవలను కేసు డైరీలా చదివాను. సగానికి పెంటయ్యే అనిపించింది, చివరికి కాదనిపించింది. రచయితకు ఫోన్ చేస్తే, తనకూ తెలియదనీ, ఆఖర్న ఎవరో ఒకరు దొరకాలి కదా అనీ అన్నాడు. వాడి దుంప తెగ!

సాక్ష్యమేమైనా దొరుకుతుందేమోనని మెస్‌కు వెళ్ళాను. పైడితల్లి నాకు వడ్డించి, అదే గిన్నెలోది ముందు తానొక ముద్ద తింది. ఇదేం మర్యాదని అడిగాను.

"తాతలనాటి నించీ మా ఇంట్లో ఇంతే సాబ్. ఎందుకో ఎవురికీ తెలీదు."

నా మతి పోయింది. పెంటయ్య రాజుగారి తిండి ముందు రుచి చూసే నమ్మినబంటు కాబట్టి వచ్చిన అలవాటా? విషం పెట్టాక ఎవరూ నమ్మక, నమ్మించడానికి మొదలైన అలవాటా? రెండూ అతికాయి.

ఆకలేసింది, తిన్నాను. మర్నాటి నుంచి మధ్యాహ్నం యూనిఫాంలోనే వెళ్ళి, రోడ్డుకు కనబడే బల్ల దగ్గర కూర్చుని తిన్నాను. వానలు వెలిసేసరికి అక్కడ నాకే చోటు దొరికేది కాదు.

రాజుగారెలా పోయారో నాకు ఈనాటికీ తెలియదు. నేరం తేల్చడం వేరు, నింద దించడం వేరు అని ఆ కేసు నేర్పింది. మొదటిది నా వల్ల కాలేదు.