రెండో వరుస

ఆ స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు కొట్టే అమ్మాయిని అందరూ పిచ్చుక అని పిలిచేవారు. పిచ్చుకైనా కాస్త కిచకిచలాడుతుంది, ఈ పిల్లకు అదీ లేదు. నాన్న మంచాన పడ్డ ఏడాది చదువు పదో తరగతి మధ్యలో ఆగిపోయింది. తర్వాత టైపు నేర్చుకుని ఈ కుర్చీలో చేరింది. ఎదురుగా గోడ, గోడకవతల డాక్టరుగారు. ఆయన గొంతు పెరిగితే ఇవతల ఈమె వేళ్ళు ఆగిపోయేవి.

డాక్టరుగారు ఫిల్ము చూసి చీటీ మీద రెండు ముక్కలు గీకి పంపేవారు. దాన్ని అరపేజీ ఇంగ్లీషు రిపోర్టుగా కొట్టడం పిచ్చుక పని. ఆ ఇంగ్లీషు ఆమెకు కొట్టడం వచ్చుగానీ, అర్థమయ్యేది అంతంతమాత్రం. అందుకే పిన్ని కొడుకు పెన్ డ్రైవ్‌లో తెచ్చిచ్చిన బుల్లి ప్రోగ్రాం ఆమె పాలిట వరమైంది. మౌస్ చక్రం నొక్కితే చాలు, తెర మీద బాణం ఎక్కడుంటే అక్కడే చిన్న పట్టీ తెరుచుకునేది. అందులో పేర్లు తన భాషలో తనే పెట్టుకుంది. ఛాతీ శుభ్రం, ఛాతీ మచ్చ, కడుపు శుభ్రం, రాయి. ఒకటి నొక్కితే ఆ రిపోర్టంతా వచ్చి కూర్చునేది. పాత కంప్యూటరే అయినా దానికి బరువనిపించేది కాదు.

చిక్కల్లా ఒకటే. అడక్కుండా కంప్యూటర్లో ఏదీ ఎక్కించకూడదని చేరిన రోజే డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అడిగే ధైర్యం ఆమెకెక్కడిది? దొంగచాటుగానే వాడుకునేది. కళ్ళు తలుపు మీద ఉంచి, చేత్తో నొక్కేసేది. కొన్నాళ్ళకు పేర్లు చదవడమే మానేసింది. మొదటి వరుస, రెండో వరుస, అంతే. చెయ్యే చదువుకునేది.

ఆ రోజు పొద్దున్న, మోచేతి ఎక్స్‌రేలు ఎక్కువవుతున్నాయని పట్టీలో ఓ కొత్త పేరు చేర్చింది. అది వెళ్ళి అన్నిటికంటే పైన కూర్చుంది. ఉంటే ఉండనీలే అనుకుంది.

మొదట వచ్చినవాడు ఒక వెల్డరు. బక్కపల్చటి మనిషి, చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. దూరాన ఓడలు కట్టేచోట పని దొరికిందనీ, ఊపిరితిత్తులు బాగున్నాయన్న కాగితం ఉంటేనే లోపలికి రానిస్తారనీ, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళాలనీ హాల్లో అందరికీ చెప్పాడు.

"బాగుందని కొట్టు తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు దగ్గుకుంటూ.

పిచ్చుక తలొంచుకుంది. లోపల్నుంచి చీటీ వచ్చింది, మచ్చ అని. అయ్యో పాపం అనుకుంటూనే రెండో వరుస నొక్కింది. డాక్టరుగారు ఫోన్లో మాట్లాడుతూనే సంతకం గీశారు. కాగితం కవర్లో పెట్టుకుని వెల్డరు వెళ్ళిపోయాడు.

తర్వాత వచ్చినవన్నీ డాక్టరుగారు నోటితో చెప్తే కొట్టాల్సిన పెద్ద రిపోర్టులు. చివర్లో ఒక పెద్దాయనకు ఛాతీ శుభ్రమని చీటీ వచ్చేదాకా పట్టీతో పని పడలేదు. పొద్దెక్కాక ఎక్స్‌రేలు తీసే ఆయన ఓ కాగితం ఊపుకుంటూ వచ్చాడు. ఆమె ఆయన్ని అన్నా అని పిలిచేది.

"ఏమే పిచ్చుకా, ఈ పెద్దాయనకి ఛాతీలో మోచెయ్యి మొలిచిందా?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పిచ్చుకకూ నవ్వొచ్చింది. ఛాతీ శుభ్రం అని మొదటి వరుస నొక్కితే మోచెయ్యి వచ్చిందన్నమాట. కొత్త పేరు పైకెక్కి అన్నిటినీ ఒక మెట్టు కిందికి దింపింది. మరి మొదటిది రెండోదైతే...

వెల్డరు చీటీ వెతికి తీసింది. మచ్చ. తెర మీద అతని రిపోర్టు తెరిచింది. శుభ్రం.

"అన్నా, అతను వెళ్ళిపోయాడు" అంది. ఆయన చీటీనీ తెరనూ మార్చి మార్చి చూశాడు. ముఖంలో నవ్వు మాయమైంది.

రాసిచ్చిన నంబరుకు ఫోను చేస్తే స్విచాఫ్. డాక్టరుగారి తలుపు దాకా వెళ్ళింది. లోపల ఆయన ఎవరినో కడిగేస్తున్నారు. తట్టడానికెత్తిన చెయ్యి దించేసింది. ఈ కుర్చీ పోతే ఇంకెవరు కూర్చోబెడతారు? కానీ ఆ మనిషి బస్సెక్కితే...

"నేను చెప్తాలే. నువ్వు పరుగెత్తు" అన్నాడు అన్న.

"వద్దన్నా. తీసుకొచ్చి నేనే చెప్తా" అని, చెప్పులు కూడా మరిచి రోడ్డు మీదికి పరుగెత్తింది.

బస్టాండులో ఇంజను అప్పటికే గురగురలాడుతోంది. ఎక్కి, సీట్లు పట్టుకుంటూ వెనక్కి నడిచింది. కిటికీ పక్కన వెల్డరు తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు.

"ఏవండీ, మీరు దిగాలి. రిపోర్టు తప్పండీ."

"శుభ్రమని మీరేగా ఇచ్చారు!"

"అది మీది కాదండీ. నా చెయ్యి తప్పుచోట నొక్కింది."

పక్క సీట్లో అతని జతగాడు ఇకిలించాడు. "దిగకురోయ్. మళ్ళీ వెళ్తే నువ్వు కడుపుతో ఉన్నావని రాసిస్తారు!"

బస్సంతా నవ్వింది. పిచ్చుకకు చెవులు కాలిపోయాయి. కండక్టరు కేకేశాడు. "అమ్మా, టికెట్టు తీసుకుంటావా, దిగుతావా?"

"దిగను" అంది. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు. "ఈయన దిగేదాకా దిగను."

నవ్వులు ఆగిపోయాయి. వెల్డరు ఆమె ముఖంలోకి చూశాడు, తర్వాత ఆమె కాళ్ళకేసి.

"నా ఛాతీలో ఏముంది?" అన్నాడు మెల్లగా.

అందరిముందూ ఎలా చెప్తుంది? "డాక్టరుగారు చెప్తారండీ. ఇప్పుడు వెళ్ళిపోతే ఎవరూ చెప్పరు."

అతను ఆ కవరు తీసి చూసుకున్నాడు. సంచి భుజానికెత్తుకున్నాడు. "నువ్వెళ్ళరా. నేను తర్వాత వస్తా" అన్నాడు జతగాడితో.

దారిలో అతను దగ్గినప్పుడల్లా ఆమె ఆగి నిలబడేది.

ఈసారి తలుపు తట్టింది. పట్టీ సంగతి, అడక్కుండా ఎక్కించిన సంగతి, పొద్దున జరిగిన సంగతి అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. డాక్టరుగారి ముఖం ఎర్రబడింది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావ్? మనిషి ప్రాణమే..." అంటూ రిపోర్టు లాక్కున్నారు. కింద తన సంతకం కనపడింది. మాట అక్కడే ఆగింది.

"ముందు దాన్ని తీసెయ్" అన్నారు. "నీ సంగతి సాయంత్రం చూస్తా. అతన్ని పంపించు."

ఆమె వచ్చి ఆ ప్రోగ్రాం తీసేసింది. వెల్డరు రిపోర్టు ఒక్కో అక్షరం చూసి కొట్టసాగింది. సాయంత్రం ఏమంటారో!

గోడవతల డాక్టరుగారి గొంతు మెల్లగా వినబడుతోంది. ఈ రోజే ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలనీ, కఫం పరీక్ష చేయించాలనీ, తను ఫోను చేసి చెప్తాననీ అంటున్నారు. పిచ్చుక వేళ్ళు ఆగిపోయాయి.

"మందులు ఎన్నాళ్ళు వాడాలండీ?" వెల్డరు గొంతు.

పిచ్చుక అతని చీటీని మళ్ళీ ఓసారి చదువుకుంది. తర్వాత మిగిలిన రిపోర్టు కొట్టడం మొదలుపెట్టింది.