బర్రె క్షేమం

చాయ్ పోసుకోండ్రి, చెప్త. మొన్న ఐతారం మా ఇంట్లకెల్లి రెండు పోయినయి. ఒకటి నాకు కుదరబోయిన సంబంధం. రెండోది ఏందో ఆఖరికి మీకే తెలుస్తది. నవ్వొద్దని మాత్రం అనను, మా అమ్మనే నవ్వవట్టె!

నేను పనిచేసే పేపర్ మీకెరుకే. నాలుగు పేజీలు. మూడు పేజీలు ప్రకటనలు, మిగిలిన జాగల వార్తలు. రిపోర్టర్‌ను నేనొక్కణ్నే. ఆ మిగిలిన జాగల గూడ ఏది రాయాలె, ఏది రాయొద్దని మా ఎడిటర్ సాబ్ ప్రకటనల ఫైలు చూసి చెప్తడు. ఇన్నొద్దులు నాకేం ఫికర్ అనిపించలే. మంది వార్తలే కదా!

బుధారం నాడు వాన వెలిసినంక, కిరాయి సైకిల్ మీద దబీర్‌పురా స్టేషన్ దిక్కు పోతున్న. ఉతారుల కిందికి దిగుతుంటే బ్రేకు పట్టిన. పడలే! ముందట గుంత. గుంత తప్పిద్దామని పక్కకు తిప్పిన. పక్కన బర్రె! గంట కొట్టిన. ఇనలే. పోయి గుద్దిన. బర్రె మెల్లగ తల తిప్పి నన్ను చూసి, తోకతోని ఈగను కొట్టుకున్నది. పటుక్కుమన్నది నా కాలే.

తెల్లారి ఎడిటర్ సాబ్ చూడనీకి వచ్చిండు. చేతిల రెండు మోసంబీలు, చంకల నోటుబుక్కు.

"నువ్వు పండుకోనే చెప్పు, నేను రాసుకుంట. యాక్సిడెంట్‌ను గింత దగ్గర్నుంచి చూసిన రిపోర్టర్ మనకు మళ్ల దొరుకుతడా?"

"బ్రేకు పడలే సార్," అన్న.

"సైకిల్ దుకాణమాయన ప్రకటన రోజూ మొదటి పేజీల ఉంటది. బ్రేకు మాట తియ్యకు."

"మరి గుంత..."

"గుంత తవ్విన కాంట్రాక్టర్ పండుగ పండుగకు శుభాకాంక్షలు వేయిస్తడు, ఫోటోతోని! గుంతను ఏమనకు."

"పోనీ బర్రె అడ్డమొచ్చింది అందాం."

"అరె భాయ్! గది డెయిరీ బర్రె. 'చిక్కటి పాలు' అని వారం వారం ఏస్తలేమా?"

ఆయన కలం కొరుక్కుంట జరసేపు ఆలోచించిండు. "నువ్వెప్పుడన్న మనకు ప్రకటన ఇచ్చినవా?"

"లేదు సార్."

"మరింకేంది!" అని సంబురంగ రాసుడు మొదలువెట్టిండు. మర్నాడు పేపర్ల గిట్ల పడ్డది:

"మంచి కండిషన్‌లో ఉన్న సైకిల్‌ను పరధ్యానంగా తొక్కుతూ వచ్చిన ఒక యువకుడు, ప్రజల మేలు కోసం తవ్విన గుంతను గమనించక, చిక్కటి పాలిచ్చే బర్రెను ఢీకొట్టాడు. బర్రె క్షేమం."

కింద గా యువకుడెవరంటే అని నా పేరు, మా గల్లీ పేరు. నా కాలు సంగతి ఒక్క ముక్క లేదు!

ఇగ సంబంధం సంగతి. మలక్‌పేటల రాజలింగం గారని, రైల్వేల గార్డు పని చేసి రిటైరైన పెద్దమనిషి. "పేపర్ల రాసేటోడు అబద్ధమాడడు" అనే నమ్మకంతోనే బిడ్డనిస్తనన్నడు. నాకు ఆ పిల్ల మస్తు నచ్చింది, మీ దగ్గర దాచేదేముంది. చూపుల నాడు "చక్కెర సరిపోయిందా?" అని ఒక్క మాట అడిగింది. అప్పట్నుంచి ఏ చాయ్ తాగినా గా మాటే యాదికొస్తది. ఇప్పుడు గూడ వచ్చింది.

ఆయన మా పేపర్‌ను ఒక్క అక్షరం ఇడవకుండ చదువుతడు. పొద్దుగూకేలోపు కబురొచ్చింది: "బర్రె కనవడనోనికి మా బిడ్డ ఏం కనవడతది?"

నా పానం పోయినంత పనైంది. కర్ర ఊతం పట్టుకోని, రిక్షా ఎక్కి ఆఫీసుకు ఉరికిన.

"సార్, సవరణ ఏయాలె. నా పెండ్లి పోతది!"

"ఊకెనే సవరణ ఏస్తే పేపర్ ఇజ్జత్ ఏం గావాలె? అదే ప్రకటన ఇచ్చేటోళ్ల మీద తప్పు వార్త పడ్డదనుకో, వెంటనే సవరిస్తం."

"నాకేమన్న దుకాణమున్నదా సార్?"

"ఇంట్ల ఏదో ఒకటి ఉంటది కదా, అమ్ము!"

ఇంట్ల తలుపు ఎనుక గొడుగు యాదికొచ్చింది. "కొత్తలాంటి నల్ల గొడుగు అమ్మబడును" అని ప్రకటన ఇచ్చిన. తెల్లారి పేపర్ల సరిగ్గ దాని పైననే సవరణ పడ్డది. ఈసారి ఎడిటర్ సాబ్ చెప్తుంటే నేనే నా చేతులార రాసిన: "దబీర్‌పురాలో సైకిల్ ప్రమాదం జరిగిందన్న వార్త పూర్తిగా అబద్ధం. సదరు యువకుడు చక్కని చూపు గలవాడు. బర్రె ఇప్పటికీ క్షేమం."

మంత్రమేసినట్టే పనిచేసింది! ఐతారం పొద్దున రాజలింగం గారు పేపర్ చంకల పెట్టుకోని, ముహూర్తం మాట్లాడనీకి స్వయంగ వచ్చిండు. నవ్వుకుంట లోపలికొచ్చి, పీట మీద చాపిన నా కాలు, దాని మీద గింత మందం కట్టు చూసి ఆగిపోయిండు.

"బాబూ, యాక్సిడెంటే కాలేదని పేపర్ల ఉన్నది. మరి కాలెవరు ఇరగ్గొట్టిండ్రు? ఏం లొల్లి జేసినవ్?"

బ్రేకు అందామంటే ప్రకటన, గుంత అంటే ప్రకటన, బర్రె అంటే ప్రకటన. పేపర్ అబద్ధమందామంటే రాసింది నేనే. ప్రకటన ఇయ్యనిది ఏమున్నదని నాలుగు దిక్కులు చూసిన. మా వాకిట్ల మెట్లు కనవడ్డయి.

"మెట్ల మీదికెల్లి పడ్డ," అన్న.

ఆయన వెనుకకు తిరిగి చూసిండు. "గీ మూడు మెట్ల మీదికెల్లా?"

గప్పుడే మా అమ్మ చాయ్ పట్టుకోని వచ్చింది. "మెట్లేంది అన్నా, నా కొడుకు బర్రెకు గుద్దుకున్నడు!"

రాజలింగం గారు చాయ్ ముట్టలే. పేపర్‌ను, అమ్మను, నన్ను మార్చి మార్చి చూసిండు. "పేపర్ ఒకటంటది, కొడుకొకటంటడు, తల్లొకటంటది. గీ ఇంట్ల నిజం ఎవరినడగాలె?" అని లేచిండు.

ఆయన వాకిట్లకు పోయేసరికి దబదబ వాన మొదలైంది. గడప దగ్గర ఆగిండు. పేపర్ ఇప్పిండు, ఏదో చదివిండు, నా దిక్కు తిరిగిండు. మనసు మార్చుకున్నడని నా గుండె ఎగిరి గంతేసింది.

"బాబూ," అన్నడు, "గా గొడుగన్న నిజమేనా?"

నిజమే. కొనుక్కోని పోయిండు. కిటికీలకెల్లి చూస్తున్న, మా మామ గావలసిన మనిషి నా గొడుగు కింద ఒక్క చుక్క తడవకుండ గల్లీ దాటిండు.

కాలు ఇరిగింది, సంబంధం పోయింది. గొడుగు క్షేమం.