మేకుకు వేలాడిన వాచీ

పర్చూరు అవతల, నల్లరేగడి చేల మధ్య మా సబ్‌స్టేషన్. ఊళ్లకి కరెంటు తీసుకెళ్లే నాలుగు ఫీడర్లు, వాటిని వేసి ఆపే నాలుగు బ్రేకర్లు, ఒక ఫోను, ఒక విరిగిన కుర్చీ, అందులో ఆపరేటర్‌గా నేను. నా నోరు మంచిది కాదని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. కరెంటు ఎప్పుడొస్తుందని ఫోన్ చేస్తే, "వచ్చినప్పుడు వస్తుంది, పెట్టెయ్" అనేవాణ్ణి.

లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు నా దగ్గర ఎల్‌సీ తీసుకోవాలి. అంటే ఆ ఫీడర్ ఆపమని అడగాలి, నేను ఆపాలి. పనయ్యాక అతనే వచ్చి చెప్పాలి, అప్పుడు నేను మళ్లీ వెయ్యాలి. రూలు అదీ. కానీ అప్పటికి సెల్‌ఫోన్లు మా దాకా రాలేదు. చేలో దిగినవాడు సైకిల్ తొక్కుకుంటూ అంత దూరం ఏం వస్తాడు? అటుగా పోయే రైతును ఆపి, "సబ్‌స్టేషన్లో చెప్పు బాబాయ్, వేసెయ్యమను" అనేవాడు. ఆ రైతు గేటు దగ్గర్నుంచే ఒక కేకేసేవాడు. మేం వేసేసేవాళ్లం. ఏళ్ల తరబడి అలాగే జరిగింది, ఎవరికీ తప్పనిపించలేదు.

ఒకరోజు అలాగే కబురొచ్చింది. నా డ్యూటీ కాదది. లైన్ మీద ఇద్దరున్నారు, దిగినవాడు ఒక్కడే. కబురు పంపింది ఆ దిగినవాడు. రెండోవాణ్ణి స్తంభం మీద నుంచి తాళ్లతో దించాల్సి వచ్చింది.

ఆ తరవాత మా సెక్షన్ సెక్షన్‌లా లేదు. కబురు పంపినవాడు సెలవు పెట్టి వెళ్లిపోయాడు. వేసిన ఆపరేటర్‌ను సస్పెండ్ చేశారు. మిగిలినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. అందరిలోకీ పెద్ద లైన్‌మన్, జీవితమంతా స్తంభాల మీదే గడిపిన మనిషి, నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ముచ్చెమటలు పోసి దిగిపోయాడు. బ్రేకర్ హ్యాండిల్ ముట్టుకోవాలంటే నాకూ భయమే. ఎవడితో చెప్పుకోను? మరింత గట్టిగా అరిచేవాణ్ణి, అంతే.

అప్పుడొచ్చాడు మా సెక్షన్‌కి ఇంజనీరుగా కొత్త ఏఈ. బక్కపలచగా, మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడేవాడు. ఈయనేం ఉద్ధరిస్తాడులే అనుకున్నాను. ఆయన మీటింగు పెట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. పెద్ద లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని, ఆ మనిషి పోయిన స్తంభం దగ్గరికే వెళ్లి, తానే ఎక్కాడు. ఏఈ స్తంభం ఎక్కడం మేం చూసి ఎరగం. అరచేతులు గీరుకుపోయి వచ్చి, ప్రతి బ్రేకర్ పక్కనా గోడకి మేకులు కొట్టించాడు.

"లైన్ మీదకి వెళ్లే ప్రతివాడూ చేతి వాచీ తీసి ఇక్కడ తగిలించాలి. ఎవడి వాచీ వాడే వచ్చి తీసుకోవాలి. మేకుకి వాచీ ఉన్నంతసేపూ ఫీడర్ వెయ్యొద్దు."

"ఎవరు చెప్పినానా?" అన్నాను వెటకారంగా.

"ఎవరు చెప్పినా. నేను చెప్పినా."

"పైనుంచి చీవాట్లొస్తే?"

"అవి నాకు వదిలెయ్."

చీవాట్లు బాగానే వచ్చాయి. వాచీ కోసం మనిషి తిరిగి రావాలంటే సరఫరా ఆలస్యమయ్యేది మరి. రైతుల తిట్లు, పై ఆఫీసర్ల తిట్లు అన్నీ ఆయనే భరించాడు. మా దాకా ఒక్క మాట రానివ్వలేదు. మెల్లిగా పెద్ద లైన్‌మన్ మళ్లీ ఎక్కాడు. నాకు మాత్రం ఆ వాచీ వేలాడినంతసేపూ స్థిమితం ఉండేది కాదు. ఖాళీ గదిలో దాని చప్పుడు వింటూ ఒంటరిగా కూర్చోవడం అంత నరకం ఇంకోటి లేదు.

శివరాత్రి వెళ్లాక ఒకరోజు పొద్దున్నే తీగ తెగింది. పెద్ద లైన్‌మన్ వాచీ తగిలించి వెళ్లాడు. మధ్యాహ్నం దాటినా రాలేదు. మిరప కోత మీద ఉంది. ఆ పూట తడి అందకపోతే కాయ రంగు పోయి తాలు అయిపోతుంది, కొనేవాడుండడు. జనం ట్రాక్టర్లలో వచ్చి గేటు మీద పడ్డారు.

"ఒరేయ్, చేలు ఎండిపోతన్నాయిరా! వెయ్యరా!"

వాళ్లలో ఒక పెద్దరైతు ముందుకొచ్చాడు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. "మీ వాడు దిగాడయ్యా. టీ బంకు దగ్గర కూర్చుని టీ తాగతన్నాడు. నా కళ్లతో చూసొచ్చా."

"వాచీ ఉందిగా?" అన్నాను.

"వాచీ ఏందయ్యా, వాచీ! పైరు పోతంటే!"

ఒక రాయి వచ్చి రేకు మీద పడింది. అప్పుడే ఏఈ వచ్చాడు. గేటు దగ్గర పెద్దరైతు చెప్పింది విని లోపలికి అడుగు పెట్టాడో లేదో ఫోను మోగింది. అవతల ఎవరో పెద్దాఫీసరు. ఏఈ మొహం నల్లబడింది. "సార్... సార్..." తప్ప ఇంకో మాట లేదు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు.

"ఆ రైతు చూశానంటున్నాడుగా. మనవాడు వాచీ సంగతి మరిచిపోయుంటాడు. వేసెయ్యవయ్యా."

నేను కుర్చీలోంచి లేచాను. "వెయ్యను సార్."

"నేను చెబుతున్నా."

"కావాలంటే మీరు వేసుకోండి. హ్యాండిల్ అదుగో."

ఆయనకి కోపం ముంచుకొచ్చింది. నిజంగానే చెయ్యి చాచాడు. బయట జనం గేటు ఊపుతున్నారు. ఆ చెయ్యి హ్యాండిల్ దాకా వెళ్లి, వాచీ పక్కన ఆగింది. ఎంతసేపు ఆగిందో నాకు తెలీదు. తరవాత చెయ్యి వెనక్కి లాక్కుని, బయటికి వెళ్లి స్కూటర్ తీశాడు.

ఆయన తిరిగొచ్చేదాకా నేను పడ్డ తిట్లు జన్మకి సరిపోతాయి. స్కూటర్ వెనక పెద్ద లైన్‌మన్ ఉన్నాడు. రైతు చెప్పింది నిజమే. దిగాడు, టీ తాగాడు. లేచేటప్పుడు పక్క స్తంభం మీద వదులైన తీగ కట్టు కంటబడి, మళ్లీ ఎక్కాడు. ఏఈ వెళ్లేసరికి రెండు చేతులూ తీగల మీదే ఉన్నాయట.

లైన్‌మన్ వాచీ తీసుకున్నాడు. నేను ఫీడర్ వేశాను. మోటార్ల కోసం జనం పరుగులు తీశారు. పెద్దరైతు మాత్రం గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"నేను వెయ్యమన్నాను," అన్నాడు ఏఈ లైన్‌మన్‌తో, పెద్దరైతు వింటుండగానే. "నువ్వు పైన ఉండగా వెయ్యమన్నాను. ఇతను వెయ్యలేదు."

లైన్‌మన్ మొహంలో నెత్తురు లేదు. బూతులు తిడతాడనుకున్నాను. లేదా ఈయన కూడా సెలవు పెట్టి పోతాడు, మా పని మళ్లీ మొదటికొస్తుంది అనుకున్నాను.

"రేపు పొద్దున ఆ స్తంభం ఇంకోసారి చూడాలి సార్," అన్నాడు చివరికి.

"ఎక్కుతావా?" అన్నాడు ఏఈ.

లైన్‌మన్ నా వైపు చూపించాడు. "ఇక్కడ ఈయనుంటే ఎక్కుతా. మీరొక్కరే ఉంటే మాత్రం ఎక్కను."

"అలాగే," అన్నాడు ఏఈ. "నేనొక్కణ్ణే ఉంటే ఎక్కొద్దు."