ఆఖరి తడి అందని దాళ్వా

పొద్దున కొవ్వూరులో బస్సు దిగానో లేదో, ఎక్కడో డీజిల్ ఇంజను టకటకలాడింది. ఆ పొగ వాసనకి కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. కాలువ శివారు ఊళ్లలో పెరిగిన మీకూ గుర్తుందా, ఇంజను గొట్టం కింద మన స్నానాలు? నీళ్లు నెత్తిమీద దబదబా పడుతుంటే చేలూ ఆకాశమూ కలిసిపోయి మెత్తగా ఊగేవి. గట్టు మీంచి నాన్న అరిచేవారు.

"మీ ఆటలకి కాదర్రా, చేను తాగడానికి పెట్టాను ఇంజను!"

ఒక ఏడు దాళ్వాకి, అదే రెండో పంట వరికి, కాలువ నీళ్లు మా దాకా రానేలేదు. మురుగు కాలువలోంచి తోడుకున్నాం. తీరా చేను పొట్టకొచ్చి, రేపోమాపో గింజకట్టే వెన్ను తీస్తుందనగా ఆ మురుగు కాలువా ఎండిపోయింది. ఇంజను బురద పీల్చి, దగ్గి, ఆగిపోయింది. ఇంకొక్క తడి అందితే గింజ పట్టేది. నాలుగు రోజులు చూసి, నాన్న ఇంటికొచ్చి గేదెను విప్పారు.

"ఏంటండీ, చేలోకే?" అంది అమ్మ.

"ఎండిపోయాక ఏం చేసుకుంటామే? పచ్చగా ఉండగానే దాన్నైనా తిననీ."

డొక్కల దాకా పచ్చదనంలో మునిగి, మా గేదె కలలో నడిచినట్టు మెల్లగా మేసింది. ఆ వారం పాలెంత చిక్కగా వచ్చాయో! మీగడ కోసం నేనూ చెల్లీ కొట్టుకున్నాం. పెరుగైతే గిన్నె వంచినా కదిలేది కాదు.

"కాస్త పెరుగేసుకోండి," అంటూ అమ్మ గరిటె పట్టుకుని నిలబడేది. నాన్న చారన్నంతోనే చెయ్యి కడిగేసుకునేవారు.