జొన్నల కుండలో ఎర్రమాత్రలు

ఆళ్లగడ్డ ఆసుపత్రిలో నర్సమ్మ నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో రగతమే లేదు కదమ్మా నీకు" అంటూ కాగితం పొట్లంలో ఎర్రటి మాత్రలు పోసిచ్చింది. ఇనుము మాత్రలు, రోజుకొకటి. డెబ్బైల చివరి మాట ఇది. అంతకు ఏడాది ముందు నా తొలి బిడ్డ ఏడవకుండానే పోయింది. ఈ రెండోది దక్కకపోతే నేను బతకననుకున్నాను.

ఇంట్లో మా అత్త పొట్లం విప్పి చూసింది.

"బలానికా? బిడ్డ బలిస్తే యాడ కంటావే? నంద్యాలకు తీస్కపోయి కడుపు కోస్తారు."

ఆమె చెడ్డది కాదు. తన చెల్లెలు పెద్ద బిడ్డను కనలేక రెండు రోజులు అరిచి చచ్చిపోవడం కళ్లారా చూసింది. ఆ భయం నాకూ అంటుకుంది. ఎనిమిదో తరగతి దాకా వెలగబెట్టాను, ఆ చదువు ఏ గంగలో కలిసిందో. మాత్రలు పారెయ్యడానికి చెయ్యి రాలేదు, మింగడానికి ధైర్యం రాలేదు. జొన్నల కుండలో దాచిపెట్టాను.

నెలనెలా నర్సమ్మ అడిగేది.

"మింగుతాండావా?"

"మింగుతాండా."

"దొడ్డికి నల్లగా అయితాందా?"

ఇనుము మింగితే అలా అవుతుందని ఆ ప్రశ్నతోనే నాకు తెలిసింది. "ఔ, నల్లగానే" అనేదాన్ని. ఆమె సంతోషపడి ఇంకో పొట్లం ఇచ్చేది. అదీ కుండలోకే పోయేది. బిందె నీళ్లు మోస్తే గుండె దడదడలాడేది, అయినా నోరు విప్పలేదు.

ఎనిమిదో నెలలో రక్తం పోవడం మొదలైంది. జీపులో నంద్యాలకు తీసుకెళ్లారు. అక్కడ డాక్టరమ్మ, "మాత్రలు వాడినావా?" అని అడిగింది. వాడానన్నాను. అప్పుడూ అబద్ధమే. అత్త నా కాళ్ల దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. దేవుడా, నన్ను తీసుకుపో, బిడ్డను వదిలెయ్ అని మొక్కుకున్నాను. ఆయన నన్ను వదిలేశాడు, బిడ్డను తీసుకుపోయాడు. ఆడపిల్ల. ఎంత చిన్నదంటే, ఏ కోతా లేకుండానే వచ్చేసింది.

పది రోజులకు ఇంటికొచ్చి కుండలో చెయ్యి పెట్టాను. మాత్రలన్నీ అక్కడే ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. అత్త చూసింది. వద్దనలేదు, చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. మర్నాడూ ఒకటి మింగాను.

మూడో రోజు కంపచెట్ల మాటున కూర్చున్నప్పుడు చూశాను. నర్సమ్మ అడిగినట్టే నల్లగా అయింది. అక్కడే కూలబడి ఏడ్చాను.