మా చెల్లె కుడి కన్ను

మాకు మేకలుండేవి. ఈ మాట ముందే చెప్పాలి. తిండి లేక ఒక పిల్ల కన్ను పోయిందంటే, వినేవాళ్లు మాకు ఏమీ లేదనుకుంటారు. దొడ్డి నిండా మేకలుండేవి. తెల్లారగానే అమ్మ పాలు పిండి, కుండ నెత్తిన పెట్టుకుని ఊరి దొర ఉండే గడికి మోసేది. మేకలు మావి, మేపేది మేము, పాలు గడివి. నైజాం కాలంలో దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని వెట్టి అనేవారు. అన్యాయమని పైకి ఎవరూ అనేవారు కాదు. రివాజు అనేవారు.

మేము తినేది జొన్న గట్క, పచ్చి పులుసు. వానలు పడితే చెలకల్లో మొలిచే ఆకుకూర కొంత ఆదుకునేది. నేను చెప్పే ఏడు అది కూడా లేదు, నేలంతా నెర్రెలు బారింది.

ఆ ఎండకాలం అమ్మ కడుపుతో ఉంది. పొద్దు గూకిందంటే ఆమెకు చూపు ఆనేది కాదు. పొయ్యి దగ్గరి నుంచి గడప దాకా గోడ పట్టుకుని నడిచేది. మా అవ్వ, అంటే బాపు తల్లి, దాన్ని పట్టించుకోలేదు.

"కడుపుతోని ఉన్న ఆడోళ్లకు రేచీకటి గట్లనే వస్తది. నాకూ వచ్చె. కన్నంక అదే పోతది" అంది.

తమ్ముడు పుట్టాక అమ్మకు నిజంగానే తగ్గింది. అందుకే చెల్లెకు అదే వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ భయపడలేదు.

చెల్లె అప్పటికి నాలుగేళ్ల పిల్ల. మంద ఇంటికి వచ్చే వేళకు వాకిట్లోకి ఉరికి, మేకపిల్లల మెడలు పట్టుకుని ఊగులాడేది. ఒక సాయంత్రం ఉరకలేదు. మేకలు అరుస్తుంటే గడప మీద కూర్చుని ఆ అరుపుల వైపు మొహం తిప్పింది, అంతే. అమ్మ గట్క గిన్నె ముందు పెడితే దాని కోసం నేలంతా తడిమింది. పగటి పూట మామూలుగానే ఉండేది. దగ్గరగా చూస్తే కంటి తెల్లగుడ్డు మీద సబ్బు నురగ అంటినట్టు చిన్న మచ్చ. అవ్వ కొంగుతో తుడిచి చూసింది, పోలేదు.

ఆ వెంటనే ఊళ్లో పిల్లలకు తట్టు పోసింది. మా చెల్లెకూ పోసింది. అమ్మవారు ఇంట్లో ఉన్నప్పుడు నూనె ముట్టొద్దు, నీసు ముట్టొద్దు. అవ్వ భక్తిగా ఆ పిల్లకు వట్టి గంజి తాపించింది. తట్టు తగ్గింది కానీ చెల్లె కళ్లు తెరవలేకపోయింది. వెలుతురు పడితే కేకలు పెట్టేది. ఎడమ కంటి నల్లగుడ్డు మీద మొదట మసక కమ్మింది, తర్వాత తెల్లగా పువ్వు పడింది.

అంగడిలో ఒకడు కండ్ల బలం పొడి అమ్ముతున్నాడని ఎవరో చెప్పారు. బాపు ఒక మేకపిల్లను ఇచ్చి ఆ పొడి తెచ్చాడు. పాలలో కలిపి తాగిస్తే గుడ్డివాడికి కూడా చూపు వస్తుందని వాడు చెప్పాడట. పాలే మాకు లేవు, నీళ్లలో కలిపి తాగించాం. నేను నాలుక మీద వేసుకుని చూశాను. బెల్లం, మిరియాలు, ఏదో బూడిద. ఆ మనిషి మొహం నేనెన్నడూ చూడలేదు, అయినా ఈ వయసులో కూడా వాణ్ని తలుచుకుంటే నా పళ్లు బిగుసుకుంటాయి.

చివరికి బాపు చెల్లెను భుజాన వేసుకుని దేవరకొండ దవాఖానకు నడిచాడు. అమ్మ చంకలో తమ్ముడు, వెనుక నేను. డాక్టరు సాబు చెల్లె రెప్పలు విప్పి చాలాసేపు చూశాడు.

"పిల్ల ఏం తింటది?"

"గట్క తింటది, దొరా" అన్నాడు బాపు.

"పాలు?"

అమ్మ చెప్పింది. "మేకలున్నయి సాబ్. పాలు గడికి పోతయి."

డాక్టరు లోపలికి పోయి ఒక సీసా తెచ్చాడు. మూత తీయగానే కుళ్లిన చేపల వాసన గుప్పుమంది.

"ఇది చేపనూనె. చూడమ్మా, ఎడమ కన్ను పోయింది. ఈ నూనె తాగినా, ఏం తాగినా అది రాదు. కుడి కన్ను ఇంకా పోలేదు. రోజూ ఒక చెంచా తాగించు, అది దక్కుతది. నూనె అయిపోయినంక మేక కార్జం పెట్టు, పాలు పొయ్యి, ఆకుకూర పెట్టు. ఇది జబ్బు కాదు. తిండి లేక కన్ను ఎండిపోయింది."

ఇంటికి వచ్చాక ఆ నూనె తాగించడం యుద్ధమైంది. చెల్లె కక్కేది. అవ్వ రొట్టె ముక్కకు అద్ది, ఉప్పు చల్లి తినిపించేది. అమ్మవారికి కోపం వస్తుందని గొణుక్కుంటూనే తినిపించేది. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం, మసక పడ్డ వేళ, చెల్లె గడప దిగి నడిచి నల్ల మేకపిల్ల చెవి పట్టుకుంది. అమ్మ దొడ్డి గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఆ సీసా సంగతి ఊళ్లో పాకింది. గడి కబుర్లు మోసే సుంకరి మా వాకిట్లోకి వచ్చాడు.

"డాక్టరు కండ్ల మందు ఇచ్చిండంట గద. దొరసాని అడుగుతాంది."

దొర కొడుకు పట్నంలో చదువుకునేవాడు. చదివి చదివి కళ్లకు అద్దాలొచ్చాయి. సెలవులకు వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. మా పాలు తాగి, మా మేకల మాంసం తిని, బుగ్గలు నిండుగా ఉన్న పిల్లగాడు.

అమ్మ సీసా ఇవ్వకుండా తానే గడికి పోయింది. నేను ఆమె కొంగు పట్టుకుని పోయాను. దొరసాని వెనక అరుగు మీద కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తోంది.

"దొరసానీ, నీ బాంచెన్, నా బిడ్డకు ఒక్క కన్నే మిగిలింది. గా నూనె లేకుంటే అదీ పోతదన్నడు డాక్టరు."

దొరసాని తల ఎత్తలేదు. "మావోడు సదువుకునేటోడు. వానికి కండ్లు కావాలె. మేకల ఎంట తిరిగే పిల్లకు ఒక్క కన్ను సాలదా?"

ఆమె కోపంగా అనలేదు. ఆకులు బాగున్నాయో లేవో చెప్పినంత మామూలుగా అంది. సుంకరి మా ఇంటికి పోయి సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

నేను పెద్దయ్యాక చదువు నేర్చుకున్నాను, బడిలో పిల్లలకు చెప్పాను కూడా. చేపనూనెలో, కార్జంలో, ఆకుకూరల్లో ఉండేది ఒకటేనని, దాన్ని విటమిన్ ‘ఎ’ అంటారని అప్పుడు తెలిసింది. ఒంట్లో అది లేనివాళ్లకు ఒక్క చెంచా చూపునిస్తుంది. ఉన్నవాళ్లకు సీసాలు సీసాలు తాగినా అద్దాలు ఊడవు. దొర కొడుక్కి ఊడలేదు. రెండు చెంచాలు తాగి ఉమ్మేశాడట. ఆ తర్వాత దొరసాని ఆ నూనెను మోకాళ్లకు రాసుకుందని గడిలో బోళ్లు తోమే మనిషి చెప్పింది. కన్నును నిలబెట్టే నూనె మోకాళ్లకు పోయింది. ఇప్పటికీ ఎవరైనా కళ్ల బలానికి గోలీలు కొంటున్నామని చెబితే, మీ ఒంట్లో ఏం తక్కువైందో ముందు డాక్టరును అడగండి అంటాను. నా గొంతు కటువుగా ఉంటుందని వాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

సీసా పోయిన కొన్నాళ్లకు చెల్లె మళ్లీ నేల తడమడం మొదలుపెట్టింది. అదే సమయంలో గడికి ఎవరో అధికారి వస్తున్నాడని, మేకను కోసి పంపమని కబురు వచ్చింది. కోసి, తోలు ఒలిచి, మాంసం గడికి మోయడం బాపు పని. కార్జం విడిగా ఆకులో చుట్టి పంపాలి. అది దొరకు ఇష్టం.

బాపు కత్తి కడుగుతుంటే అమ్మ వచ్చి నిలబడింది. "కార్జం ఇటియ్యి."

"నీకేమన్న పిచ్చి లేసిందా? గడిల అడుగుతరు."

"అడగనీ."

బాపు ఇవ్వలేదు. అమ్మ వంగి తానే తీసుకుంది. నిప్పుల మీద కాల్చి, ఉప్పు అద్ది, ముక్కలు చేసి చెల్లె నోట్లో పెట్టింది. మిగిలినది మరునాటికి దాచింది. బాపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మాంసం గంప ఎత్తుకుని పోయాడు.

మధ్యాహ్నం దాకా తిరిగి రాలేదు. అమ్మ, నేను పోయి చూస్తే గడి ముందర బాపును ఎండలో వంగబెట్టి, వీపు మీద బండ పెట్టారు. చెమట ముక్కు కొన నుంచి మట్టిలో కారుతోంది. అరుగు మీద దొర, గడికి వచ్చిన అధికారి పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఆ అధికారి బాపు వైపు చూడకుండా పాన్ నములుతున్నాడు.

అమ్మ నేరుగా అరుగు కిందికి పోయి నిలబడింది. "కార్జం ఆయన తియ్యలె. నేను తీసిన. నా బిడ్డ తిన్నది. కావాలంటే దాని కడుపుల నుంచి తీస్కోరి."

దొర ముందు ప్రతి మాటకూ నీ బానిసనంటూ అనాల్సిన బాంచెన్ ఆమె అప్పుడు అనలేదు. అక్కడున్న జీతగాళ్లంతా ఆ సంగతి గమనించారు. దొర లేచాడు. అధికారి అప్పుడు తల తిప్పి, ఏమైందని ఉర్దూలో అడిగాడు. పరాయి మనిషి ముందు ఒక పిల్ల కన్ను సంగతి చెప్పుకోవడం దొరకు నచ్చలేదు. "ఏం లేదు సాబ్, గొల్లోళ్ల లొల్లి" అని, బండ దించమని చేయి ఊపాడు. దయతో కాదు.

బాపు నడుము ఆ తర్వాత ఎన్నడూ సరిగా నిలవలేదు. దారి పొడుగునా అమ్మతో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక చెల్లెను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మిగిలిన కార్జం తన చేత్తో తినిపించాడు.

మరునాడు అమ్మ పాలు పిండి, ముందు ఒక చెంబు పక్కన పెట్టింది. తర్వాతే కుండ ఎత్తింది. కుండ వెలితిగా ఉందని గడిలో తిట్టారు. ఆమె విని వచ్చింది, మర్నాడూ చెంబు పక్కన పెట్టింది. కొన్నేళ్లకు దొరల మీద ఊళ్లను కూడగట్టే సంఘం వాళ్లు వచ్చి వెట్టి చేయొద్దని చెప్పినప్పుడు ఊరంతా భయపడింది. అమ్మకు అది కొత్త మాట కాదు.

చెల్లె కుడి కన్ను దక్కింది. ఆ కంటితోనే మందను మేపింది, పిల్లలను పెంచింది. ఎడమ వైపు కంప కనపడక ఆ చెంప మీద ఎప్పుడూ గీతలుండేవి. ఆమెకు దొరసాని మీద కోపం లేదు, ఆ రోజులు గుర్తే లేవంటుంది. నాకు గుర్తున్నాయి.